క్వార్టర్‌బ్యాక్‌ను స్టాప్‌వాచ్‌తో కొలవలేము

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ క్రీడా పుటలో అమెరికన్ ఫుట్‌బాల్ మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఒక తెలుగు దినపత్రిక ఆ ఆటకు అరపేజీ కేటాయించినందుకు సంతోషించాను. విశాఖలో మా వీధి ఒక్కదానిలోనే నాలుగిళ్ల పిల్లలు అమెరికాలో చదువుకుంటూనో ఉద్యోగాలు చేసుకుంటూనో ఉన్నారు. అక్కడ ఆదివారం మధ్యాహ్నపు మ్యాచ్ మొదలయ్యే వేళకు ఇక్కడ రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది, ఆ వేళలో మేలుకొని ఉండే తల్లిదండ్రుల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. అయితే కళాశాల జట్టులో ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకొని పాసులు విసిరి జట్టు దాడిని నడిపేవాడు, అమెరికా వృత్తి క్రీడాకారుల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు సిద్ధమయ్యాడో లేదో తేల్చడానికి మీ వ్యాసకర్త చూపిన కొలతలు, అంటే ఎత్తు, చేతి బలం, 40 గజాల పరుగుకు పట్టిన సమయం, కళాశాలలో వేసిన టచ్‌డౌన్ పాసుల (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చిన పాసుల) లెక్క, నాకు సమంజసంగా తోచలేదు. వ్యాయామ విద్యా అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసినవాణ్ని, ఆ కొలతలనే నమ్మి ఒకసారి బోర్లా పడినవాణ్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను బోర్లా పడిన ఆట కబడ్డీ. అంతర కళాశాలల పోటీలకు జట్టును ఎంపిక చేస్తూ, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకొని, అందరికంటే నెమ్మదిగా పరుగెత్తిన కుర్రాణ్ని పక్కన పెట్టాను. అతను మరుసటి ఏడాది వేరే కళాశాలలో చేరి మా జట్టు మీదికే కూతకు వచ్చాడు. గీతకు దగ్గరగా కూర్చొని చూస్తే అతను మావాళ్ల చేతుల వంక అసలు చూడడం లేదని తెలిసింది. అతని చూపంతా ఎడమ మూలన ఉన్న మా ఆటగాడి పాదాల మీదే ఉంది. కాలు పట్టుకోబోయేవాడు ముందుకు దూకేముందు మడమ మీది బరువును మునివేళ్ల మీదికి తెచ్చుకుంటాడు, ఆ అరక్షణం చాలు. మావాడు చేయి చాచేసరికి ఇతను పక్కవాణ్ని తాకి మధ్య గీత దాటేసి ఉండేవాడు. నా స్టాప్‌వాచ్ ఆ అరక్షణాన్ని పట్టుకోలేకపోయింది.

క్వార్టర్‌బ్యాక్ పని కూడా ఆ జాతిదే, కాకపోతే మరింత క్రూరమైనది. బంతి చేతికి వచ్చిన తరువాత అతనికి దక్కేది సుమారు రెండున్నర నుంచి మూడు సెకన్లు. ఆలోగా ఎదుటి రక్షకులు ఎవరి మీదికి ఎవరు కదులుతున్నారో చూడాలి, మొదట అనుకున్న ఆటగాడికి దారి మూసుకుపోతే రెండోవాడి వైపు, అదీ కుదరకపోతే మూడోవాడి వైపు చూపు మరల్చాలి, ఈలోపు 130 కిలోల మనిషి ఒకడు తన మోకాళ్ల మీదికి దూసుకొస్తున్నాడని తెలిసి కూడా పాదాలు చెదరకుండా నిలబడాలి. పైగా పాస్ అందుకోవలసిన ఆటగాడు, అంటే రిసీవర్, వెనక్కి తిరిగి చూసేదాకా ఆగి విసిరితే ఆలస్యమైపోతుంది. అతను తిరగకముందే, తిరిగాక ఎక్కడ ఉంటాడో ఊహించి బంతిని ఆ ఖాళీలోకి పంపాలి. చేతి బలం ఉండాలి, కాదనను. కాని అది ప్రవేశ రుసుము లాంటిది, అది కట్టినంత మాత్రాన పరీక్ష పాసైనట్టు కాదు.

కళాశాల ఆటలో ఈ పని ఎంతవరకు కుర్రాడే చేస్తున్నాడన్నది మొదట అడగవలసిన ప్రశ్న. 2022లో మా అమ్మాయి దగ్గరికి టెక్సాస్ వెళ్లినప్పుడు ఒక విశ్వవిద్యాలయ మ్యాచ్ చూశాను. ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్లందరూ వరుసలో నిలబడి, ఉన్నట్టుండి ఒకేసారి మైదానం అంచు వైపు తలలు తిప్పారు. అక్కడ ఇద్దరు కుర్రాళ్లు నాలుగేసి బొమ్మలున్న పెద్ద అట్టలు పైకెత్తి పట్టుకున్నారు. ఒకదానిలో ఏదో కార్టూన్ ముఖం, ఇంకోదానిలో ఒక లారీ బొమ్మ నాకు గుర్తున్నాయి. "తాతయ్యా, ఆ బొమ్మలే వాళ్ల ప్లే, కోచ్ డిఫెన్స్‌ను చూసి అప్పుడు మార్చేస్తాడు" అని పన్నెండేళ్ల మా మనవడు చెప్పాడు. ప్లే అంటే ఒక్కో విడత బంతి కదిలేటప్పుడు ఎవరు ఏం చేయాలో ముందే వేసుకున్న పథకం. అంటే ఎదుటి జట్టు మోహరింపును చదివినవాడు కోచ్, చదివి నిర్ణయించినవాడూ కోచే, క్వార్టర్‌బ్యాక్ దాన్ని అమలు చేసినవాడు. ఆ కుర్రాడు ఆ రోజు చాలా బాగా ఆడాడు. కాని ఆ బాగులో అతని వాటా ఎంతో నాకు అంతుపట్టలేదు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అట్టలు, బొమ్మలు ఉండవు. 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న రేడియో ఉంటుంది, కోచ్ అందులో ప్లే చెబుతాడు, ప్లే మొదలుపెట్టడానికి గడువు చూపే గడియారంలో 15 సెకన్లు మిగిలి ఉండగా ఆ రేడియో మూగబోతుంది. రక్షణ జట్టు తన అసలు పన్నాగాన్ని బయటపెట్టేది సరిగ్గా ఆ తరువాతనే. కళాశాల ఆటలోని పై స్థాయిలో కూడా 2024 నుంచి ఇటువంటి రేడియోను అనుమతించారు కనుక, ఇక ముందు వచ్చే కుర్రాళ్లను అంచనా వేయడం కొంత తేలిక కావచ్చు.

నిబంధనలలోని తేడాలు కూడా పైకి చిన్నవిగా కనిపిస్తాయి గాని కళాశాల గణాంకాలను అవి చాలా ఉబ్బిస్తాయి. మైదానం పొడవునా మధ్యలో రెండు వరుసలుగా చిన్న గీతలు గీసి ఉంటాయి, బంతిని ఆ రెండింటి మధ్యనే ఎక్కడో ఒకచోట ఉంచి ఆట మొదలుపెడతారు. కళాశాలలో ఆ వరుసల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. అందువల్ల కళాశాలలో బంతి తరచూ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, రెండో పక్కన విశాలమైన బయలు మిగులుతుంది, ఆ బయలును కాపాడబోయి రక్షకులు పలచబడతారు. బంతితో పరుగెత్తాలా, పాస్ వేయాలా అన్నది ఒక్క రక్షకుడి కదలికను చూసి తేల్చుకునే ప్లేలు ఇప్పుడు కళాశాలలో విరివిగా వాడుతున్నారు. అటువంటి ప్లేలలో అడ్డుగా నిలిచే ఆటగాళ్లు కళాశాలలో మూడు గజాలు ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. ఇక అంచు గీత దగ్గర పట్టిన పాస్ చెల్లాలంటే కళాశాలలో ఒక పాదం లోపల ఆనితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ ఆనాలి. కళాశాలలో శభాష్ అనిపించుకున్న పాస్ అక్కడికి వెళ్లాక చెల్లని కాసు కావడానికి ఈ ఒక్క పాదం చాలు.

ఇన్ని తెలిసినా నిపుణులు ఎంతగా పొరబడతారో చూడడానికి 2018 డ్రాఫ్ట్ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. డ్రాఫ్ట్ అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కళాశాల ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం. ఆ ఏడాది మొదటి రౌండులోనే ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారు. బేకర్ మేఫీల్డ్ మొదటివాడు, సామ్ డార్నాల్డ్ మూడోవాడు, జాష్ అలెన్ ఏడోవాడు, జాష్ రోజెన్ పదోవాడు, లమార్ జాక్సన్ ఆ రౌండులో చిట్టచివరి 32వ వాడు. వీరిలో పాస్ విసిరే తీరు అన్నిటికంటే శుద్ధంగా ఉందని చాలామంది మెచ్చుకున్న రోజెన్‌ను తీసుకున్న జట్టే మరుసటి ఏడాది వదిలించుకుంది. పరుగులో మెరుపులాంటివాడని అందరూ ఒప్పుకున్న జాక్సన్‌ను క్వార్టర్‌బ్యాక్ స్థానం మాని రిసీవర్‌గా మారమని ఒక పేరుమోసిన మాజీ జనరల్ మేనేజర్ బహిరంగంగానే సలహా ఇచ్చాడు. అదే జాక్సన్ 2019లోను, 2023లోను లీగ్ మొత్తానికి ఎం.వి.పి.గా, అంటే అత్యంత విలువైన ఆటగాడిగా, ఎంపికయ్యాడు. (మా కాలనీ పేరులోని ఎం.వి.పి. మువ్వలవానిపాలెం అని, ఆ బహుమానానికీ దీనికీ చుట్టరికం లేదని మా మనవడికి ఎంత చెప్పినా నమ్మకం కుదరడం లేదు.) అలెన్ సంగతి ఇంకా విచిత్రం. వ్యోమింగ్ విశ్వవిద్యాలయంలో అతను వేసిన ప్రతి 100 పాసుల్లో గురి చేరినవి 56 మాత్రమే. గురి అనేది పుట్టుకతో రావలసిందే తప్ప నేర్పితే రాదని అప్పట్లో చాలామంది వాదించారు. అతన్ని తీసుకున్న బఫెలో జట్టులో మొదటి ఏడాది అతని గురి 52.8 శాతం, రెండో ఏడాది 58.8, మూడో ఏడాది 69.2. పాదాల కదలికను సరిదిద్దుకొనే సాధన చేశాడు, జట్టువారు మూడో ఏడాది స్టెఫాన్ డిగ్స్ వంటి మేటి రిసీవర్‌ను తెచ్చిపెట్టారు, 2024 సీజన్‌కు ఎం.వి.పి. అయ్యాడు. మేఫీల్డ్, డార్నాల్డ్ ఇద్దరినీ వారి తొలి జట్లు పనికిరారని పంపించివేశాయి. మేఫీల్డ్ టాంపా బే చేరాక 2023లో నిలదొక్కుకున్నాడు, డార్నాల్డ్ తన నాలుగో జట్టయిన మిన్నెసోటాను 2024లో 14 మ్యాచ్‌లు గెలిపించాడు.

ఐదుగురిలో ఏ ఒక్కరినీ కొలతల పట్టిక సరిగ్గా పట్టుకోలేదు. అలాగని కొలతలు మానేయమని నేను చెప్పడం లేదు; వాటి వల్ల కొందరు తీవ్రంగా నష్టపోయారని, కొందరు అర్హతకు మించి లాభపడ్డారని మాత్రం గుర్తుంచుకోవాలి. టామ్ బ్రేడీ 40 గజాలు పరుగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు, ఆ నెమ్మది చూసే కాబోలు 2000 డ్రాఫ్ట్‌లో అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకొని 199వ స్థానంలో అతన్ని ఎంచుకున్నారు. అతను ఏడు సూపర్ బౌల్‌లు, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్స్, గెలిచాడు. జమార్కస్ రస్సెల్ భుజబలం చూసి కళ్లు తిరిగిన ఓక్లాండ్ జట్టు 2007లో అతన్ని మొట్టమొదటివాడిగా తీసుకుంది. మూడు సీజన్లలో అతను మొదటి నుంచి ఆడిన 25 మ్యాచ్‌లలో ఏడు మాత్రమే గెలిచి, 2010లో ఇంటిదారి పట్టాడు. కాగితం మీది పరీక్షల చరిత్ర కూడా అంతంతమాత్రమే. 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు అడిగే వండర్లిక్ పరీక్షను ఏళ్ల తరబడి పెట్టి, చివరికి 2022లో ఇండియానాపోలిస్ కంబైన్ నుంచి, అంటే డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించే శిబిరం నుంచి, తీసివేశారు.

మరి దేన్ని చూడాలి? నన్నడిగితే ఒక్క మ్యాచ్ చూడమంటాను, అదీ ఆ కుర్రాడు తనకంటే బలమైన రక్షణ జట్టుతో ఆడిన మ్యాచ్. సి.జె. స్ట్రౌడ్ ఒహాయో స్టేట్‌లో ఆడిన రెండేళ్లూ అతని ముందు నిలిచిన అడ్డుగోడ పటిష్ఠమైనది, రిసీవర్లు ఆణిముత్యాలు. అందుకే అతని గణాంకాలను చూసి, ఇందులో అతని గొప్పేముందని పెదవి విరిచినవారు చాలామంది. దానికి తోడు 2023 డ్రాఫ్ట్‌కు ముందు ఏదో మేధో పరీక్షలో అతనికి తక్కువ మార్కులు వచ్చాయన్న మాట బయటికి పొక్కింది. కాని 2022 డిసెంబరు 31న పీచ్ బౌల్‌లో అప్పటి ఛాంపియన్ జార్జియాతో అతను ఆడిన మ్యాచ్ చూసినవారికి ఆ మార్కులతో పని ఉండదు. గోడ కూలినప్పుడల్లా అతను పక్కకు తప్పుకొన్నాడు, తప్పుకొంటూ కూడా చూపును రక్షకుల మీదికి దించకుండా దూరాన పరుగెత్తుతున్న తనవాళ్ల మీదనే నిలిపాడు. 348 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు సాధించినా జట్టు 42–41తో ఓడింది. ఓటమి కనుక చాలామంది పట్టికల్లో అది అతని ఖాతాలో మైనస్‌గానే పడి ఉంటుంది. మరుసటి ఏడాది హ్యూస్టన్ తరఫున అతను 23 టచ్‌డౌన్ పాసులు వేసి ఐదే ఐదు బంతులు ప్రత్యర్థుల చేతికిచ్చాడు, అంతకు ముందు ఏడాది మూడే మ్యాచ్‌లు గెలిచిన జట్టు పది గెలిచింది.

ఆ మ్యాచ్‌లోనైనా మూడో డౌన్‌లో (పది గజాలు ముందుకు పోవడానికి జట్టుకు దక్కే నాలుగు అవకాశాల్లో మూడోదానిలో) ఎక్కువ దూరం మిగిలి ఉన్న ప్లేలను విడదీసి చూడడం మేలు. మూడో డౌన్‌లో ఇంకా ఎనిమిదో తొమ్మిదో గజాలు కావాలంటే పాస్ తప్ప గతి లేదని అందరికీ తెలుసు, రక్షణ జట్టుకు మరీ బాగా తెలుసు. మోసగించే ప్లేలు అప్పుడు పనిచేయవు. ఆ క్షణంలో కుర్రాడి పాదాలు ఏం చేస్తున్నాయి? మొదటి దారి మూసుకోగానే కంగారుపడి పరుగు లంకించుకుంటున్నాడా, రెండో దారి వెతుకుతున్నాడా? టీవీలో బంతి ఎటు పోతే కెమెరా అటే పోతుంది కనుక ఇంట్లో కూర్చొని చూసేవారికి ఇది సగమే తెలుస్తుంది. మైదానం మొత్తం ఒకేసారి కనిపించేలా పైనుంచి తీసిన వీడియోలను స్కౌట్‌లు, అంటే జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవారు, చూసేది ఇందుకే.

అనుభవం గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు, అది పెద్ద లోపం. మిచెల్ ట్రుబిస్కీ నార్త్ కరొలైనాలో 13 మ్యాచ్‌లు మాత్రమే మొదటి నుంచి ఆడి 2017లో రెండోవాడిగా షికాగో చేరాడు, ఆంథొనీ రిచర్డ్‌సన్ కూడా 13 మ్యాచ్‌లతోనే 2023లో నాలుగోవాడిగా ఇండియానాపోలిస్ చేరాడు, ఇద్దరూ ఆ జట్ల ఆశలు తీర్చలేకపోయారు. జేడెన్ డేనియల్స్ రెండు విశ్వవిద్యాలయాల్లో కలిపి ఐదేళ్లలో 55 మ్యాచ్‌లు ఆడి 2024లో వాషింగ్టన్‌కు వచ్చాడు. అంతకు ముందు నాలుగే గెలిచిన జట్టు అతని మొదటి ఏడాదిలోనే 12 గెలిచింది. అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడిన బ్రాక్ పర్డీని 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర, 262వ వాడిగా తీసుకున్నారు, రెండో ఏడాదికే అతను సూపర్ బౌల్ ఆడాడు. అయితే ఈ లెక్కను కూడా వేదవాక్కుగా పట్టుకోకూడదు. కామ్ న్యూటన్ ఆబర్న్‌లో ఆడింది ఒకే ఒక్క సీజన్, అయినా 2015లో ఎం.వి.పి. అయ్యాడు.

ఒక కుర్రాడి సన్నద్ధతలో సగం అతను వెళ్లి చేరే ఇంటిని బట్టి ఉంటుందని నా నమ్మకం. డేవిడ్ కార్‌ను 2002లో మొదటివాడిగా తీసుకున్న హ్యూస్టన్ అప్పుడే కొత్తగా పుట్టిన జట్టు, అతని ముందు నిలిచే గోడ కట్టనేలేదు. ఆ ఒక్క సీజన్‌లో ప్రత్యర్థులు అతన్ని బంతితో సహా 76 సార్లు నేలకూల్చారు. ఆ దెబ్బల తరువాత అతనిలో ఎంత ప్రతిభ మిగిలిందో ఎవరు చెప్పగలరు? ఆరన్ రాజర్స్ మూడేళ్లు బ్రెట్ ఫావ్ర్ వెనుక కూర్చొని నేర్చుకున్నాడు. ప్యాట్రిక్ మహోమ్స్‌ను 2017లో 27వ స్థానం నుంచి 10వ స్థానానికి ఎగబాకి మరీ తీసుకున్న కాన్సస్ సిటీ, మొదటి ఏడాది అతని చేత ఒకే ఒక్క మ్యాచ్ మొదటి నుంచి ఆడించింది. రెండో ఏడాది అతను 50 టచ్‌డౌన్ పాసులు వేశాడు. ఇప్పుడు అటువంటి ఓపిక తగ్గడానికి డబ్బు కూడా ఒక కారణం. 2010లో మొదటివాడైన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది, మరుసటి ఏడాది కొత్త వేతన పరిమితి వచ్చాక మొదటివాడైన న్యూటన్‌కు నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లు. క్వార్టర్‌బ్యాక్ చవకగా దొరికే ఆ నాలుగేళ్లలోనే ఫలితం పిండుకోవాలని జట్లు తొందరపడుతున్నాయి, పచ్చికాయను గడ్డిలో వేసి మగ్గబెడుతున్నాయి.

తొందరపడి తీర్పులు చెప్పడంలో మనమూ తక్కువ తినలేదు. 2005 ఏప్రిల్ 5న మన పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద మహేంద్ర సింగ్ ధోని 148 పరుగులు చేసినప్పుడు నేను గ్యాలరీలో ఉన్నాను. అది అతని ఐదో వన్డే. అంతకు ముందు నాలుగింటిలో కలిపి అతను చేసినవి 22 పరుగులే. మూడో స్థానంలో అతను బ్యాట్ పట్టుకొని దిగుతుంటే నా పక్కన కూర్చున్నాయన "ఇతన్నెందుకు ముందు పంపించారండీ" అని విసుక్కున్నాడు. పేటన్ మానింగ్ 1998లో మొదటి ఏడాది 28 బంతులు ప్రత్యర్థుల చేతికిచ్చి మూడే మ్యాచ్‌లు గెలిపించాడు, మరుసటి ఏడాది 13 గెలిపించాడు. అదే డ్రాఫ్ట్‌లో అతని తరువాత రెండోవాడిగా వచ్చిన ర్యాన్ లీఫ్‌ను మానింగ్ కంటే మేలని వాదించినవారు అప్పట్లో లేకపోలేదు, అతను కొన్నేళ్లకే ఆటకు దూరమయ్యాడు. ఇద్దరి మధ్య తేడా భుజంలో లేదు. తప్పు చేసిన మరునాడు ఉదయం వీడియో గదికి ఎవరు ముందు వచ్చారన్నదాంట్లో ఉంది.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను (ఎదుటివాణ్ని పడగొట్టకుండా అతని నడుముకు కట్టిన గుడ్డపట్టీని లాగే ఆటను) చేర్చాలన్న నిర్ణయం 2023 అక్టోబరులో మన ముంబయిలో జరిగిన సమావేశంలోనే జరిగింది. ఐదుగురేసి ఆడే ఆ ఆటలోనూ క్వార్టర్‌బ్యాక్ ఉంటాడు కనుక ఈ చర్చ మన పాఠకులకు ఇక మీదట మరింత దగ్గర కావచ్చు. ప్రతి ఏటా ఏప్రిల్ నెలాఖరులో జరిగే డ్రాఫ్ట్ సందర్భంగా మీరు మళ్లీ ఇటువంటి వ్యాసం వేస్తారని ఆశిస్తున్నాను. అప్పుడు ఎత్తు, బరువుల పట్టిక వేసే చోట ప్రతి కుర్రాడూ ఎన్ని మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడాడో, తాను ఎదుర్కొన్న అత్యంత బలమైన రక్షణ జట్టుతో మూడో డౌన్‌లలో ఏం చేశాడో, అతన్ని తీసుకుంటున్న జట్టులో అతని ముందు నిలబడే ఐదుగురు ఎవరో మీ వ్యాసకర్త చేత రాయించవలసిందిగా కోరుతున్నాను. పట్టికకు స్థలం చాలకపోతే 40 గజాల పరుగు గడిని తీసివేసినా నాబోటి పాఠకులు ఏమీ అనుకోరు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ విద్యా అధ్యాపకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం